ఏ జ్వరమో తెలుసుకోవడం మన హక్కు

(మా పట్టణంలోని షాదీఖానాలో జరిగిన ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట మనవి చేసుకోవాలి. మేము వైద్యులం కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందాము. అప్పటి నుంచి మన బస్తీవాళ్లకు పింఛను దరఖాస్తులు, రేషన్ కార్డు అర్జీలు, ఆసుపత్రి బిల్లుల కాగితాలు రాసిపెడుతున్నాము. మాకు తెలిసిన విద్య కాగితం చదవడం. ఈనాడు చెప్పబోయే వైద్య విషయాలు వైద్యులను అడిగి, వాళ్లు చెప్పింది రాసుకుని, మళ్లీ వాళ్లకే చూపించి సరిచేసుకున్నవి.

ఈ పని మేము ఎందుకు పెట్టుకున్నామో చెబుతాము. గత ఏడాది వర్షాకాలంలో మా వీధిలోని ఒక తల్లి మా ఇంటికి వచ్చారు. ఆమె కొడుకు టైర్ల దుకాణంలో పనిచేసేవాడు. ఇరవై నాలుగేళ్లవాడు. అతని జనాజా జరిగి అప్పటికి తొమ్మిది రోజులు. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవాలని ఆసుపత్రి బిల్లులు, చీటీలు, పరీక్షల రిపోర్టులు ఒక ప్లాస్టిక్ సంచిలో తెచ్చి మా ముందు పెట్టారు. పెట్టి ఒకే ప్రశ్న అడిగారు. "భాయ్ సాబ్, నా కొడుకు ఏ బుఖార్‌తో పోయాడు?"

మేము ఆ కాగితాలన్నీ వరుసగా పేర్చి చదివాము. మొదటి చీటీ మీద "జ్వరం" అని మాత్రమే ఉంది. రెండవ దాని మీద విడాల్ పరీక్ష ఫలితం, దాని కింద "టైఫాయిడ్" అని ఉంది. మూడవది పెద్ద ఆసుపత్రి కాగితం. అందులో ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తపోటు పడిపోయిన సంగతి, ఆ తర్వాత మరణించిన సమయం ఉన్నాయి. మలేరియా పరీక్ష చేసిన కాగితం లేదు. డెంగీ పరీక్ష చేసిన కాగితం లేదు. జ్వరం ఏ తేదీన మొదలైందో ఏ కాగితం మీదా లేదు. తల్లి చెప్పిన దాన్నిబట్టి నాలుగు రోజులు విపరీతంగా కాచి, ఐదవ రోజు ఉదయం జ్వరం తగ్గింది. తగ్గిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. అతను పనికి వెళ్లాడు. మధ్యాహ్నానికి కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. రాత్రికి చేతులు కాళ్లు చల్లబడితే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లారు. మరునాడు ఫజ్ర్ వేళకు ప్రాణం పోయింది.

ఆ కాగితాలను మేము ఒక వైద్యునికి చూపించాము. డెంగీ అయి ఉంటుందని ఆయన అన్నారు. రుజువు ఏదని అడిగితే తల అడ్డంగా ఊపారు. ఆ తల్లికి మేము తీసుకువెళ్లగలిగిన జవాబు అంతే.

సోదరులారా, జ్వరం అన్నది వ్యాధి పేరు కాదు. శరీరంలో ఏదో జరుగుతున్నదని చెప్పే కబురు. మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, టైఫాయిడ్, ఎలుక జ్వరం, స్క్రబ్ టైఫస్ ఇవన్నీ మొదటి రెండు మూడు రోజులు ఒకే ముఖంతో వస్తాయి. ఒళ్లు కాలడం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. ఒకదానిలో మంచి చేసే మందు మరొకదానిలో హాని చేయవచ్చు. అందువల్ల ఏ జ్వరమో తేల్చుకోవడం చికిత్సలో మొదటి మెట్టు.

ఒకేలా కనిపించే వ్యాధులను విడదీసి చూడడం అనే ఈ విద్యలో మన పూర్వులకు పెద్ద స్థానం ఉంది. అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్ రాజీ ఇరాన్‌లోని రే నగరానికి చెందిన హకీమ్. 925 ప్రాంతంలో మరణించారు. రేలోను, బాగ్దాద్‌లోను ఆసుపత్రులకు అధిపతిగా పనిచేశారు. మశూచి, తట్టు రెండూ జ్వరంతో మొదలై ఒంటి మీద పొక్కులుగా తేలేవి. ఆ రెండింటినీ వేరు చేసి చూపుతూ ఆయన ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. నడుమునొప్పి మశూచిలో ఎక్కువని, వికారం, కలవరం తట్టులో ఎక్కువని రోగి పక్కన కూర్చుని గమనించి నమోదు చేశారు. సూక్ష్మదర్శిని లేని కాలంలో ఆయనకున్న సాధనాలు కన్ను, చెవి, ఓర్పు, కలం. ఆ నాలుగూ ఈనాడు మన ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.

మరొక సంగతి మన నేలకు చెందినది. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందనే నిజం సికింద్రాబాద్‌లో తేలింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఎనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. ఆ దోమ తాగిన రక్తం హుసేన్ ఖాన్ అనే రోగిది. తనను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు చాలామందికి తెలియదు. ఒక పేద రోగి రక్తపు చుక్కను శ్రద్ధగా పరీక్షించినందువల్లనే లోకానికి ఆ మేలు జరిగిందని మాత్రం మనం గుర్తుంచుకోవాలి.

ఇక ఒక్కొక్క జ్వరాన్ని చూద్దాము.

మలేరియాను మన పెద్దలు చలిజ్వరం అనేవారు. వణికించే చలి, తర్వాత తీవ్రమైన జ్వరం, తర్వాత చెమట పట్టి తగ్గడం దీని పద్ధతి. రోజు విడిచి రోజు రావచ్చు. కానీ ప్రతి రోగిలోనూ ఈ వరుస కనిపించాలని లేదు. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాలకు వ్యాపారానికో కూలికో వెళ్లివచ్చిన వాళ్లకు జ్వరం వస్తే ఆ ప్రయాణం సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. రక్తపు చుక్కను గాజుపలక మీద చూసినా, కిట్‌తో చూసినా మలేరియా తేలుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలోను, ఆశా కార్యకర్త వద్దను ఈ పరీక్షకు డబ్బు తీసుకోరు. మలేరియాలో వైవాక్స్, ఫాల్సిపారం అని ముఖ్యంగా రెండు రకాలు. ఫాల్సిపారం మెదడుకు ఎక్కితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాగి ఉండి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. అందుకే దానికి ప్రిమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులు వాడమంటారు. మూడవ రోజున జ్వరం తగ్గిందని మాత్రలు మానేసేవాళ్లు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. గర్భిణులకు, పసిపిల్లలకు ఈ మాత్ర ఇవ్వరు గనుక ఇంట్లో మిగిలిన మందును మరొకరికి వేయడం ప్రమాదం.

డెంగీ హఠాత్తుగా వస్తుంది. ఉదయం బాగున్న మనిషి సాయంత్రానికి కాలిపోతాడు. కంటి వెనుక నొప్పి, నడుమునొప్పి, ముఖం ఎర్రబడడం, ఒంటి మీద ఎర్రని దద్దుర్లు కనిపించవచ్చు. ఇందులో అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. డెంగీలో ప్రమాదం జ్వరం ఎక్కువగా ఉన్నప్పటి కంటే తగ్గేటప్పుడు ఎక్కువ. సాధారణంగా మూడవ రోజు నుంచి ఏడవ రోజు లోపల జ్వరం దిగుతుంది. ఆ దిగిన తర్వాత 24 నుంచి 48 గంటలు కాపలా కాయవలసిన సమయం. రక్తనాళాల్లోని నీరు బయటకు ఊరి రక్తం చిక్కబడుతుంది, రక్తపోటు పడిపోతుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లని విరేచనం, మత్తు, చికాకు, చేతులు కాళ్లు చల్లబడడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు. మా వీధి కుర్రవాడు పనికి వెళ్లింది సరిగ్గా ఆ సమయంలోనే.

డెంగీ పరీక్షలు రెండు రకాలు. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్‌ఎస్1, ఐదు రోజులు దాటితే ఐజీఎం. తప్పు రోజున తప్పు పరీక్ష చేయిస్తే వ్యాధి ఉన్నా లేదని వస్తుంది. కిట్ ఫలితం కంటే ఎలైజా పద్ధతిని నమ్ముతారు. ప్రభుత్వం ఎంపిక చేసిన పెద్ద ఆసుపత్రుల్లో ఈ ఎలైజా ఉచితం. ప్లేట్‌లెట్ల గురించి కూడా ఒక మాట. లక్ష కంటే తగ్గాయనగానే రక్తం కోసం ఫోన్లు, వాట్సాప్ సందేశాలు మొదలవుతాయి. రక్తస్రావం లేనప్పుడు పదివేలకు పైన ఉన్న రోగికి సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కరలేదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తం చిక్కదనాన్ని తెలిపే హెమటోక్రిట్ ఎంత ఉన్నది, రక్తపోటు ఎలా ఉన్నది అని అడగండి. ప్రాణం కాపాడేది సరైన సమయంలో సరైన మోతాదులో ద్రవాలు. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఆసుపత్రికి ఆలస్యం చేయకూడదు.

చికున్‌గున్యా కూడా డెంగీని మోసే ఏడిస్ దోమ ద్వారానే వస్తుంది. ఇందులో కీళ్లు పట్టేస్తాయి. వేళ్లు, మణికట్లు, మడమలు వాచి, జ్వరం పోయిన తర్వాత కూడా నెలల తరబడి నొప్పి ఉండవచ్చు. ఇది మనకు కొత్త కాదు. 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలలో వచ్చింది. మూడు దశాబ్దాల విరామం తర్వాత 2005 చివర మళ్లీ మన రాష్ట్రంలోనే తల ఎత్తి దేశమంతా పాకింది. ప్రాణాపాయం తక్కువ. అయితే కీళ్లనొప్పి ఉన్నది కదా అని డెంగీ కాదని తేలకముందే నొప్పి సూదులు, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వాడితే రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. ఏ జ్వరమో తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ చెప్పిన మోతాదులోనే.

టైఫాయిడ్‌ను సన్నిపాత జ్వరం అనేవాళ్లు. కలుషితమైన నీరు, తిండి ద్వారా వస్తుంది. ఇది డెంగీ మాదిరిగా ఒక్కసారిగా మీద పడదు. మెట్టు మెట్టుగా రోజు రోజుకూ పెరుగుతుంది. నాలుక మీద తెల్లని పొర, కడుపులో ఇబ్బంది, మలబద్ధకం లేదా విరేచనాలు, వారం దాటినా తగ్గని జ్వరం. మొదటి వారంలో దీన్ని నిర్ధారించడానికి మంచి మార్గం రక్తాన్ని కల్చర్ చేయడం. యాంటీబయోటిక్ మొదలుపెట్టక ముందే ఆ రక్తం తీయాలి. మన వీధుల్లో జరుగుతున్నది వేరు. జ్వరం వచ్చిన రెండవ రోజునే విడాల్ పరీక్ష, "పాజిటివ్", వెంటనే సెలైన్ సీసా. విడాల్‌లో చూసే ప్రతిరక్షకాలు పెరగడానికే వారం పడుతుంది. గతంలో ఎప్పుడో టైఫాయిడ్ వచ్చినా, టీకా వేయించుకున్నా, వేరే జ్వరం ఉన్నా ఆ పరీక్ష పాజిటివ్ చూపవచ్చు. ఒక్క విడాల్ కాగితాన్ని చూసి టైఫాయిడ్ అని నిర్ణయించుకుంటే అసలు వ్యాధి చాటున పెరిగిపోతుంది.

ఎలుక జ్వరం వరదనీటిలో, మురుగులో, వరిమడిలో ఉత్తకాళ్లతో నడిచేవాళ్లకు వస్తుంది. ఎలుక మూత్రంలోని క్రిమి చర్మం మీది గాయాల ద్వారా లోపలికి పోతుంది. పిక్కల్లో పట్టుకుంటే అరిచేంత నొప్పి, పుసి లేకుండా కళ్లు ఎర్రబడడం, తర్వాత కామెర్లు, మూత్రం తగ్గడం దీని గుర్తులు. కామెర్లు అనగానే పసరు మందుకు పరుగెత్తే అలవాటు మనలో ఉంది. జ్వరంతో పాటు కామెర్లు ఉంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయేమోనని ముందు ఆసుపత్రిలో చూపించాలి.

చివరిది స్క్రబ్ టైఫస్. ఈ మధ్య ఆంధ్రప్రదేశ్ పత్రికల్లో ఈ పేరు తరచు చదువుతున్నాము. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి సరిగా ఆనని నల్లి వంటి పురుగు కుడితే వస్తుంది. మేకలు కాసేవాళ్లు, కట్టెలు ఏరేవాళ్లు, పొలంపని చేసేవాళ్లు జాగ్రత్తపడాలి. కుట్టిన చోట నొప్పి, దురద లేని ఒక నల్లని పక్కు కడుతుంది. బీడీ నిప్పు అంటుకుని కాలిన మచ్చలా ఉంటుంది. అది అందరిలోనూ కనిపించదు. కనిపిస్తే మాత్రం వ్యాధిని పట్టి ఇస్తుంది. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుకు, గర్భిణులలో అజిత్రోమైసిన్‌కు ఇది లొంగుతుంది. సకాలంలో వైద్యుడు ఇస్తే రెండు రోజుల్లో జ్వరం దిగడం మొదలవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇక్కడ పరదా వెనుక ఉన్న మా తల్లులకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ఆ నల్లని పక్కు చంకలో, రొమ్ము కింద, నడుము దగ్గర, గజ్జల్లో ఎక్కువగా ఉంటుంది. అంటే మనం ఎవరికీ చూపించని చోట్ల. మాకు తెలిసిన ఒక సోదరి పదకొండు రోజులు జ్వరంతో మూడు చోట్ల చూపించుకున్నారు. ఎక్కడా చెయ్యి పట్టి నాడి చూడడం, నాలుక చూడడం తప్ప మరొకటి జరగలేదు. ఆమె చెప్పుకోలేదు, వాళ్లు అడగలేదు. ఆయాసం వచ్చి పెద్ద ఆసుపత్రికి చేరితే, బట్టలు మార్చిన నర్సమ్మ రొమ్ము కింద ఆ మచ్చను చూసి వైద్యురాలిని పిలిచారు. అల్లాహ్ దయవల్ల ఆమె బతికారు. ఇప్పుడు ఈ సభలోనే ఉన్నారు. ఆమె అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాము. ఇంట్లో ఆడపిల్లకు నాలుగు రోజులు దాటి జ్వరం ఉంటే తల్లో, అత్తగారో, వదినో తలుపు వేసుకుని ఒళ్లంతా ఒకసారి చూడండి. ఆసుపత్రిలో మహిళా వైద్యురాలినో, మహిళా సిబ్బంది సమక్షంలో పరీక్షనో కోరండి. హయాను కాపాడుకుంటూనే ప్రాణాన్ని కాపాడుకోవచ్చు.

ఒకే మనిషికి రెండు జ్వరాలు కలిసి రావచ్చు. మలేరియా తేలినంత మాత్రాన డెంగీ లేదని కాదు. మందు మొదలుపెట్టిన తర్వాత కూడా అనుకున్న సమయానికి తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి.

ఇప్పుడు మా గుమాస్తా పనికి వద్దాము. తేదీ లేని కాగితం ఆఫీసులో ఎందుకూ కొరగాదు. జ్వరం సంగతీ అంతే. ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. జ్వరం మొదలైన తేదీ, వేళ మొదటి వరుసలో రాయండి. థర్మామీటర్ పెట్టి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఎంత ఉందో రాయండి. చలి వచ్చిందా, చెమట పట్టిందా, ఎక్కడ నొప్పి, వాంతులు ఎన్ని, మూత్రం ఎన్నిసార్లు, ఈ నెలలో ఏ ఊరికి వెళ్లారు, ఏ మందు ఎప్పుడు వేశారు అన్నీ రాయండి. పేరు తెలియని సూది ఎవరైనా పొడిస్తే ఆ పేరు అడిగి రాయించుకోండి. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా సరే. పదో తరగతి చదివే పిల్లకు ఈ పని అప్పగించండి. వైద్యునికి ఆ ఒక్క పేజీ చూపిస్తే సగం దారి తేలుతుంది.

వైద్యుని ముందు కూర్చున్నప్పుడు వినయంగా మూడు ప్రశ్నలు అడగండి. "ఇది ఏ జ్వరం అని అనుకుంటున్నారు? ఏ పరీక్షతో తేలుతుంది? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలి?" జవాబును చీటీ మీద రాయమనండి. ఇది తగవు కాదు. రోగం గురించి తెలుసుకోవడం రోగి హక్కు. రోగి రికార్డులు కోరితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నైతిక నియమావళిలో ఉంది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. రాయడం రానివాళ్లు మా దగ్గరికి రండి, మేము రాసిపెడతాము.

పరీక్షతో జ్వరం పేరు తేలడంలో మరొక ప్రయోజనం ఉంది. డెంగీ, మలేరియా కేసులు తేలితే ఆసుపత్రులు, ల్యాబులు జిల్లా ఆరోగ్య శాఖకు తెలపాలి. అప్పుడే సిబ్బంది ఆ వీధికి వచ్చి సర్వే చేస్తారు. మన వీధిలో పది ఇళ్లలో డెంగీ ఉండి, పది చీటీల మీదా "జ్వరం" అనే ఉంటే ప్రభుత్వం లెక్కలో మన వీధిలో డెంగీ సున్న. మురుగుకాల్వ కోసం, మంచినీటి గొట్టం కోసం మనం పెట్టే అర్జీకి ఆ కాగితాలే సాక్ష్యం.

మన వంతు కూడా మనం చేయాలి. ఏడిస్ దోమ పగలు కుడుతుంది, నిలవ ఉన్న మంచినీటిలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు. అందుకే ఆరోగ్య సిబ్బంది వారానికి ఒకసారి నీటిపాత్రలన్నీ వంచి ఆరబెట్టమంటారు. మనకు జుమా రోజు ఉన్నది. గుసుల్ చేసి అత్తరు పూసుకునే ముందు ఇంట్లోని కూలర్, డ్రమ్ము, పూలకుండీ, మేడ మీది తొట్టి చూడండి. మస్జిద్‌లోని వజూ హౌజ్‌ను కమిటీవారు కడిగించాలి. పంక్చర్ దుకాణాల సోదరులు పాత టైర్లను వానకు తడవకుండా కప్పాలి.

దువా చేయించండి. దమ్ చేయించండి. దానితో పాటు రెండవ రోజునే రక్తపరీక్షకు వెళ్లండి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, షుగర్ ఉన్నవాళ్లయితే మొదటి రోజే వెళ్లండి. స్పృహ తప్పడం, ఫిట్స్, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి.

ఆ తల్లి ఈ సభకు రాలేదు. రమ్మని పిలిస్తే, "నేను వచ్చి ఏం చేస్తాను భాయ్ సాబ్, మీరు చెప్పండి, పిల్లలున్న వాళ్లు వింటారు" అన్నారు. ఆమె మాట మీకు చేరవేశాము. బయట బల్ల మీద రెండు వందల నోటుబుక్కులు పెట్టించాము. మొదటి పేజీలో తేదీ రాయడానికి గీతలు గీయించి ఉన్నాయి. ఇంటికి ఒకటి చొప్పున తీసుకువెళ్లండి.